ముందు అమ్మకం, తర్వాత రుజువా?

కాళ్లకు రక్తం సరిగా అందని జబ్బుతో, కాలు తీసేయాల్సి వస్తుందన్న భయంలో ఉన్న రోగికి, కొత్త రక్తనాళాలు మొలిపించే జన్యువు ఇదిగో అని ఒక ఇంజెక్షన్ చూపిస్తే కాదనగలడా? అలాంటి రోగులకే రుజువు కాని మందును అమ్ముకోనిచ్చింది జపాన్. కొలాటెజీన్ అనే ప్లాస్మిడ్ డీఎన్ఏ (జన్యువును మోసే గుండ్రటి చిన్న డీఎన్ఏ) మందుకు 2019లో షరతులు, అయిదేళ్ల గడువు పెట్టి అనుమతించింది. అప్పట్లో ఒక్కో వయల్ ధర దాదాపు 6 లక్షల యెన్‌లు. 2024లో తయారీ సంస్థ ఆంజెస్ పూర్తి అనుమతి కోసం పెట్టుకున్న దరఖాస్తును తానే వెనక్కి తీసుకుంది. తొలి పరీక్షల్లో కనబడిన మేలు, అమ్మకాలు మొదలయ్యాక సేకరించిన వివరాల్లో కనబడలేదు.

దీనికి తలుపు తెరిచింది 2014లో అమల్లోకి వచ్చిన చట్టం. జన్యు, కణ చికిత్సలకు హాని లేదని తేలి, పనిచేస్తుందని ఊహించగలిగితే చాలు, అమ్ముకోవచ్చు. రుజువు తర్వాత తెస్తే సరిపోతుంది. అంటే ప్రయోగం ఖర్చు కంపెనీ మీద నుంచి రోగి మీదికి, బీమా నిధి మీదికి జరిగింది. ఇది మామూలు మినహాయింపు కాదు, ప్రమాదకరమైన ఒరవడి.

అనుమానించడానికి కారణాలు అప్పటికే ఉన్నాయి. ప్లాస్మిడ్‌ను నేరుగా కండరంలోకి ఎక్కిస్తే అక్కడి కణాలు ఆ జన్యువు నుంచి ప్రొటీన్ తయారుచేస్తాయని 1990లోనే ఎలుకల్లో తేలింది. చిక్కంతా ఎంత తయారవుతుందన్న దగ్గరే. ఎక్కించిన డీఎన్ఏలో చాలా భాగాన్ని కణం బయటే ఎంజైములు ముక్కలు చేస్తాయి. కణంలోకి దూరినదాంట్లోనూ కేంద్రకం దాకా చేరేది బహు కొంచెం. ఎలుక కాలిలో సరిపోయింది మనిషి పిక్కలో సరిపోతుందన్న హామీ లేదు.

ఇల్లలకగానే పండగ కాదని ఇదే జబ్బు మీద అంతకు ముందే రుజువైంది. ఎఫ్‌జీఎఫ్ (రక్తనాళాల పెరుగుదలకు తోడ్పడే ప్రొటీన్) జన్యువున్న మరో ప్లాస్మిడ్ మందు చిన్న పరీక్షలో కాళ్లు తొలగించాల్సిన అవసరాన్ని సగానికి తగ్గించినట్టు కనబడింది. తర్వాత 30 దేశాల్లో 525 మంది మీద టమారిస్ పరీక్ష జరిగింది. ఏడాదిలో కాలు పోయినవారు లేదా చనిపోయినవారు ఉత్తుత్తి మందు తీసుకున్న వర్గంలో 33 శాతం, అసలు మందు తీసుకున్న వర్గంలో 36 శాతం. ఈ ఫలితాలు 2011లోనే లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. ఇంకో సంగతి గమనించాలి. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో మూడింట రెండు వంతుల మంది కాలు కోల్పోకుండా ఏడాది గడిపారు. పోల్చి చూసే వర్గం సరిగా లేకపోతే ఆ మేలంతా మందు ఖాతాలోనే పడిపోతుంది. ముందే అమ్మేస్తే జరిగేది అదే. డబ్బు కట్టి మందు తీసుకోగలిగే రోగి, ఉత్తుత్తి మందు రావచ్చని తెలిసీ పరీక్షలో ఎందుకు చేరతాడు?

వేరే దారి లేనివారిని ఏళ్ల తరబడి ఆగమనలేమని, ప్లాస్మిడ్లు వైరస్ వాహకాల (జన్యువును కణంలోకి మోసుకెళ్లేలా మార్చిన వైరస్‌ల) కంటే భద్రమని ఈ పద్ధతిని సమర్థించేవారు అంటారు. హాని తక్కువే కావచ్చు. పనిచేయని మందుకు భద్రత ఒక అర్హతా? వేరే దారి లేనివారికైతే మరింత గట్టి రుజువు చూపాలి, ఎందుకంటే వాళ్లు బేరమాడలేరు, ప్రశ్నించలేరు.

ముందు అమ్మి తర్వాత తేల్చుకోవడం రోగుల మీద దయ కాదు. ఆ పని చేసిన నియంత్రణాధికారులు తమ బాధ్యతను గాలికొదిలేశారు. జన్యు చికిత్సలకు ఇదే వేగం కావాలని మిగతా దేశాల్లో అడుగుతున్నవారు ముందు ఒక జవాబు చెప్పాలి. ఆ అయిదేళ్లలో కట్టిన డబ్బును రోగులకు, బీమా నిధికి ఎవరు తిరిగిస్తారు?