అడిగింది చట్టం అమలునే

1996 అక్టోబర్ 4న కేరళలోని పాలక్కాడ్ కలెక్టరేట్‌లోకి వెళ్లిన నలుగురు యువకులు కలెక్టర్ డబ్ల్యూ.ఆర్. రెడ్డిని ఆయన గదిలోనే దాదాపు తొమ్మిది గంటలపాటు బందీగా ఉంచారు. వారు చూపింది బొమ్మ తుపాకీ అని తర్వాత వెల్లడైంది. ఆనాటి ఘటన ఆధారంగా కమల్ కె.ఎం. తీసిన మలయాళ చిత్రం ‘పడ’ 2022లో విడుదలైంది. తుపాకీ నిజమా కాదా అన్న ఉత్కంఠ కన్నా, ఆ గదిలో వినిపించిన డిమాండు కోసం తెలుగువారు ఈ సినిమా చూడాలి.

ఆదివాసుల చేజారిన భూముల్ని తిరిగి వారికే ఇప్పించాలని కేరళ శాసనసభ 1975లో చట్టం చేసింది. నిబంధనలు రాయడానికే 1986 వచ్చింది. అప్పటికీ భూములు చేతికి రాలేదు. అమలు చేసి తీరాలని 1993లో హైకోర్టు ఆదేశిస్తే, పాలకులు చట్టాన్నే మార్చే దారి వెతికారు. 1986 జనవరి 24 దాకా జరిగిన అన్యాక్రాంతాలను సక్రమం చేస్తూ 1996లో సవరణ బిల్లు తెచ్చారు. అధికార, ప్రతిపక్షాలు చేతులు కలిపాయి. 140 మంది ఉన్న సభలో ఎదురు నిలిచింది కె.ఆర్. గౌరి అమ్మ ఒక్కరే. 1957 నాటి తొలి మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రిగా భూసంస్కరణలకు నాంది పలికిన నేత ఆమె! ఆ బిల్లును వెనక్కి తీసుకోవాలన్నదే ఆ యువకుల డిమాండు.

విధుల్లో ఉన్న అధికారిని ప్రాణభయంలో కూర్చోబెట్టడాన్ని మేము సమర్థించం. కానీ హైకోర్టు ఆదేశాన్నే పక్కకు నెట్టిన సభ, శాంతియుతంగా అడగమని ఆదివాసికి ఏ ముఖంతో చెబుతుంది? చిత్రంలో మాకు కనిపించిన లోటూ ఒకటుంది. కథ చాలావరకు కలెక్టర్ గదిలోనే నడవడంతో, భూమి పోగొట్టుకున్నవారి గొంతు తక్కువగా వినిపిస్తుంది.

సవరణకు రాష్ట్రపతి ఆమోదం దొరకలేదు. అయినా 1999లో మరో చట్టం వచ్చింది. ఆదివాసుల నుంచి రెండు హెక్టార్ల వరకు పొందినవారు ఆ భూమిని ఉంచుకోవచ్చు, ఆదివాసికి ప్రభుత్వం వేరేచోట చూపిస్తుందన్నది దాని సారం. తాతల నాటి పొలానికి బదులు ఎక్కడో ఒక చెక్క! ఆ మాటా నిలవక 2001లో సి.కె. జాను నాయకత్వంలో ఆదివాసులు తిరువనంతపురం సచివాలయం ఎదుట గుడిసెలు వేశారు. 2003లో వయనాడ్‌లోని ముత్తంగలో వారిపై పోలీసులు కాల్పులు జరిపారు. 2018లో అదే పాలక్కాడ్ జిల్లా అట్టపాడిలో, తిండి సరకులు దొంగిలించాడంటూ ఒక ఆదివాసీ యువకుడిని కొట్టి చంపారు. ఒకప్పుడు ఆ కొండల నిండా వారి పొలాలే.

మన ఏజెన్సీకి, భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం ఉంది. గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లనంత గట్టిది. అయినా బినామీ పేర్లతో, తెల్లకాగితాల మీద భూములు చేతులు మారుతూనే ఉన్నాయి. గిరిజనుడు కేసు గెలిచినా ఆర్డరు కాపీ గుడిసెలో, పొలం పరుల సాగులో ఉండిపోతున్న సందర్భాలున్నాయి. తీర్పు వచ్చిన కేసుల్లో ఎంత భూమిని నిజంగా స్వాధీనం చేశారో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు మండలాల వారీగా ప్రకటించాలి. ఆ జాబితాను గ్రామసభల్లో చదివి వినిపించాలి.