మందను లెక్కపెట్టే ముందు గడ్డిని తూచాలి

2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం గొల్ల, కురుమ కుటుంబాలకు 75 శాతం రాయితీపై 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంపిణీ మొదలుపెట్టినప్పుడు చర్చంతా ధర చుట్టూ, దళారుల చుట్టూ తిరిగింది. ఆ 21 జీవాలు ఏడాది పొడవునా ఏం తింటాయని అడిగినవారు తక్కువ. 2012లో 1.28 కోట్లున్న రాష్ట్రంలోని గొర్రెలు 2019 పశుగణన నాటికి 1.91 కోట్లయ్యాయి. మేత భూమి మాత్రం ఆ మేరకు పెరగలేదు, పెరిగే వీలూ లేదు.

లెక్క కష్టమైనదేమీ కాదు. 30 కిలోల గొర్రె రోజుకు తన బరువులో సుమారు 3 శాతం ఎండు మేత తింటుందనుకుంటే ఏడాదికి దాదాపు 330 కిలోలు, 21 జీవాలకు ఏడు టన్నులకు కాస్త తక్కువ కావాలి. వానలు బాగా పడిన ఏడు హెక్టారు బీడులో వెయ్యి కిలోల ఎండు గడ్డి వస్తుందని, అందులో సగమే మేపి సగం వదిలేస్తామని అనుకుందాం. అప్పుడు ఒక్క కుటుంబం మందకే 14 హెక్టార్లు, అంటే సుమారు 35 ఎకరాలు కావాలి. కరువు ఏడాదిలో దిగుబడి 400 కిలోలకు పడిపోతే అదే మందకు 85 ఎకరాలు చాలవు. అందుకే సగటు వర్షపాతాన్ని పట్టుకుని వేసే అంచనా అనంతపురం వంటి చోట కాగితం మీదే నిలుస్తుంది.

ఆ వదిలేసిన సగం వృథా కాదు. మొదలంటా మేసిన గడ్డికి వేళ్లు కుంచించుకుపోతాయి, నేల బయటపడి వాన నీరు ఇంకకుండా పారిపోతుంది, ఏళ్ల తరబడి బతికే గడ్డి జాతుల చోటును ఒక్క వానాకాలంతో ముగిసే మొక్కలు, ఆపై ముళ్ల కంపలు ఆక్రమిస్తాయి. రికార్డుల్లో మేత పోరంబోకుగా నమోదైన భూమిలో సర్కారు తుమ్మ ఎంత ఉందో తీసివేయకుండా విస్తీర్ణాన్ని లెక్కలోకి తీసుకోవడం, నా దృష్టిలో, తప్పుల్లోకెల్లా పెద్ద తప్పు.

గడ్డిని బట్టి మంద ఎంతుండాలో తేల్చే ఈ పద్ధతి మీద బలమైన అభ్యంతరం ఒకటుంది. కెన్యాలోని తుర్కానా ప్రాంతాన్ని అధ్యయనం చేసిన పరిశోధకులు ఎల్లిస్, స్విఫ్ట్ 1988లో, మందల సంఖ్యను గడ్డి కొరత కన్నా కరువులే ఎక్కువగా శాసించే చోట ఇన్ని జీవాలే ఉండాలన్న స్థిరమైన పరిమితికి అర్థం ఉండదని వాదించారు. మన కాపరులకూ ఇది తెలియని సంగతి కాదు: సొంత ఊళ్లో మేత తగ్గగానే వాళ్లు మందలు తోలుకుని కోత కోసిన మాగాణుల వైపు నడుస్తారు, రైతు పొలంలో మంద కట్టి ఎరువిచ్చి గింజలో డబ్బులో తీసుకుంటారు. కనుక ఊరి పొలిమేర దగ్గర ఆగిపోయే లెక్క వాళ్ల జీవితానికి సరిపడదు. అయితే ఆ వాదనంతా మంద కదలగలగడం మీదే నిలబడింది. రెండో పంట, కంచెలు, రోడ్లు దారులు మూసేస్తున్న చోట కదలికను నమ్ముకుని లెక్కే మానేయడం కూడా ప్రమాదమే.

కాబట్టి అంచనా ఏడాదికి ఒకటి కాదు, రుతువుకొకటి ఉండాలి. వానల్లో పెరిగిన గడ్డి ఫిబ్రవరి నాటికి బరువులో మిగిలినా మాంసకృత్తులు తగ్గి గొర్రెను నిలబెట్టలేదు. అసలు ఇరుకు అక్కడి నుంచి తొలకరి దాకా. బీడులో అక్కడక్కడా చదరపు మీటరు చట్రం వేసి, అందులోని గడ్డి కోసి, ఎండబెట్టి తూచడానికి ఒక కొడవలి, ఒక త్రాసు చాలు. అక్టోబరులో ఆ తూకం చేతిలో ఉన్న కాపరి ఎన్ని పిల్లలను ఒంటి నిండా కండ ఉండగానే అమ్మాలో అప్పుడే తేల్చుకోగలడు. ఆ తూకం లేనివాడు ఏప్రిల్‌లో, బక్కచిక్కిన జీవాలను, కొనేవాడు చెప్పిన ధరకు ఇస్తాడు.