డోర్ పడట్లేదని హింజ్ వంచకండి, ముందు కారు కిందికి దూరి చూడండి

పాత కారు డోర్ సరిగ్గా పడకపోతే చాలామందికి తెలిసిన వైద్యం ఒక్కటే. డోర్ తెరిచి, సందులో చెక్క ముక్క ఇరికించి, భుజంతో ఒక్క నెట్టు నెట్టడం. హింజ్ వంగుతుంది, డోర్ పైకి లేస్తుంది, లాక్ టక్కున పడుతుంది. "అయిపోయింది సార్, తీసుకెళ్ళండి" అంటారు. ఆర్నెల్లు తిరక్కుండానే మళ్ళీ అదే కథ. నా కారుకి ఈ వైద్యం మూడుసార్లు చేయించాను. కాబట్టి కింద తిట్టబోయే వాళ్ళలో నేనూ ఉన్నాను.

రోగం డోర్‌లో లేదండీ. చాసిస్ (కింద బరువు మోసే ఇనప చట్రం) వేరు, బాడీ వేరుగా ఉండే కార్లలో ఆ రెండూ నేరుగా ఒకదానికొకటి తగలవు. మధ్యలో రబ్బరు బుష్‌లు ఉంటాయి. చాసిస్ బ్రాకెట్‌కి పైన ఒక రబ్బరు దిండు, కింద ఒకటి, రెండిటి నడుమ స్టీల్ స్లీవ్, ఆ స్లీవ్ లోంచి పొడవాటి బోల్ట్. ఆ బోల్ట్ పైకి వెళ్ళి బాడీలో ఉన్న నట్‌లో బిగుసుకుంటుంది. ఇలాంటివి కారు పొడవునా రెండు వైపులా ఉంటాయి. మొత్తం బాడీ, అంటే డోర్లు, అద్దాలు, సీట్లు, మనం, అందరం కూర్చునేది ఈ రబ్బరు మీదే.

రబ్బరుకి ఆయుష్షు ఉంటుంది. గాలిలోని ఓజోన్ దాన్ని పగలగొడుతుంది, ఇంజిన్ వేడి గట్టిపరుస్తుంది, కారిన ఆయిల్ ఉబ్బించి మెత్తబరుస్తుంది. వీటన్నిటికంటే పెద్ద దెబ్బ బరువు. ఏళ్ళ తరబడి ఒకే చోట నలిగిన రబ్బరు, బరువు తీసినా మళ్ళీ పాత ఎత్తుకి రాదు. అన్ని బుష్‌లూ ఒకే కొలతలో దిగితే పెద్దగా తెలిసేది కాదేమో. కానీ అలా జరగదు. నీళ్ళు చేరే మూల ఒకలా, ఇంజిన్ పక్కన ఒకలా, డ్రైవర్ ఎప్పుడూ కూర్చునే వైపు ఇంకోలా దిగుతాయి. బాడీ కాస్త మెలి తిరుగుతుంది. ఆ మెలి మనకి ముందు కనిపించేది డోర్ సందులో. అందుకని పాపం డోర్‌ని కొడతాం.

డోర్ ఒక్కటే కాదు, కారు ఇంకా చాలా చోట్ల చెబుతుంది, వినేవాళ్ళుంటే. ఉదాహరణకి ఫ్యాన్ ష్రౌడ్, అంటే రేడియేటర్ ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు చూడండి. రేడియేటర్, దానికి బిగించిన ష్రౌడ్ బాడీ ముందు భాగంతో పాటు కిందికి దిగుతాయి. ఫ్యాన్ మాత్రం ఇంజిన్‌తో చాసిస్ మీద ఉంటుంది. కాబట్టి ష్రౌడ్ పైభాగంలో రెక్కలు గీసుకున్న గుర్తులు ఉంటే ముందువైపు బాడీ బుష్‌లు దిగినట్టు. అదే గీతలు ష్రౌడ్ కింది భాగంలో ఉంటే ఇంజిన్ మౌంట్లు, అంటే ఇంజిన్ కూర్చునే రబ్బరు దిండ్లు దిగినట్టు. టార్చ్ లైట్ వేసి చూస్తే అర నిమిషంలో తేలే విషయం. నాకిది తెలిసేసరికి రెండు ఫ్యాన్ రెక్కల అంచులు తెల్లగా మెరిసిపోతున్నాయి.

గుంతలో పడగానే "ధడ్" మని శబ్దం వచ్చేది. షాక్ అబ్జార్బర్లు మార్చాను, పోలేదు. సస్పెన్షన్ బుష్‌లు మార్చాను, పోలేదు. ఒకాయనైతే బాడీ బోల్టులన్నీ బలంగా బిగించేశాడు, "ఇక శబ్దం రాదు" అన్నాడు. వచ్చింది. రాక ఏం చేస్తుంది? బోల్ట్ బిగిసేది స్లీవ్ మీద. స్లీవ్ పొడవు మారదు. రబ్బరు స్లీవ్ కంటే పొట్టిదైపోయాక మీరు ఎంత బిగించినా రబ్బరుకి తెలీదు. ఇంకా బలం చూపిస్తే బోల్ట్ విరుగుతుంది, అంతే.

చివరికి నేనే కింద పడుకున్నాను. బాడీ అంచు కింద చెక్క పెట్టి జాకీ మెల్లగా ఎత్తాను. బుష్‌లు బాగుంటే బాడీతో పాటు చాసిస్ కూడా దాదాపు వెంటనే కదలాలి. నా కారులో బాడీ ముందు లేచింది, చాసిస్ కాసేపు ఆలోచించుకుని లేచింది. ఆ మధ్య సందులోకి నా చిటికెన వేలు పడుతుంది. (పెట్టలేదు. దాని సంగతి కింద చెబుతాను.)

విప్పాక కనిపించింది అసలు సినిమా. డ్రైవర్ డోర్ వెనక ఉండే బుష్ స్థానంలో బుష్ లేదు. పాత టైరు ముక్క ఉంది. గుండ్రంగా కోసి, మధ్యలో బెజ్జం పొడిచి పెట్టారు. దాని మీద ట్రెడ్ గాడి ఇంకా కనిపిస్తోంది. దాని పైన మూడు వాషర్లు, మూడూ మూడు సైజులు. పెట్టిన మహానుభావుడికి బుష్ పోయిందని తెలుసు! తెలిసీ టైరు కోసి పెట్టి, పైన హింజ్ వంచి, నా చేతిలో తాళం పెట్టాడు. పైన పటారం లోన లొటారం అనే మాట ఈ కారుని చూసే పుట్టి ఉంటుంది. పెయింట్ మాత్రం అద్దంలా ఉంది.

సరే, మార్చే పని దగ్గరికి వద్దాం. ఈ పనిలో బుష్ పెట్టడం సులువు, బోల్ట్ తీయడమే యజ్ఞం. బోల్ట్ పట్టే నట్ చాలా కార్లలో బాడీ లోపల ఒక రేకు పంజరంలో కూర్చుని ఉంటుంది. పంజరం తుప్పు పట్టి ఉంటే, మీరు కింద తిప్పిన కొద్దీ పైన నట్ కూడా హాయిగా తిరుగుతుంది. అప్పుడు కార్పెట్ ఎత్తి, ఫ్లోర్‌కి కిటికీ కోసి, నట్‌ని పట్టుకోవాల్సి వస్తుంది. అందుకే తొందరపడి మొదటి రోజే ఇంపాక్ట్ గన్ (బోల్టుల్ని దెబ్బలు కొడుతూ తిప్పే మిషన్) పెట్టకండి. తుప్పు వదిలించే ఆయిల్ పై నుంచీ కింద నుంచీ రోజుకోసారి కొడుతూ నాలుగైదు రోజులు వదిలేయండి. ఆ తర్వాత చేత్తో పావు చుట్టు విప్పి, మళ్ళీ కాస్త బిగించి, మళ్ళీ విప్పుతూ రండి. గ్యాస్ మంట పెట్టాలని చేతులు దురద పెడతాయి. పైన కార్పెట్ ఉంది, పక్కన పెట్రోల్ పైపు ఉంది, మర్చిపోకండి. నాకు అంత ఓపిక చూపించినా ఒక నట్ తిరిగింది, ఫ్లోర్ కోశాను.

బాడీ ఎత్తేటప్పుడు ఒక వైపు బోల్టులు తీసి, రెండో వైపువి పూర్తిగా తీయకుండా వదులు చేసి ఉంచాలి. కొత్త బుష్ దూరేంత ఎత్తితే చాలు. ఎత్తే ముందు ఏవేవి సాగుతాయో ఒక్కసారి చుట్టూ తిరిగి చూడాలి: స్టీరింగ్ రాడ్ జాయింట్, రేడియేటర్ గొట్టాలు, బ్రేక్ పైపులు, పెట్రోల్ పోసే మెడ, హ్యాండ్ బ్రేక్ కేబుల్. ఇక అన్నిటికంటే ముఖ్యం, బాడీకీ చాసిస్‌కీ మధ్య వేలు పెట్టకండి. జాకీని నమ్మకండి, సందులో గట్టి చెక్క దిమ్మలు పెట్టాకే చెయ్యి పోనివ్వండి. పాత షిమ్‌లు (ఎత్తు సరిచేయడానికి పెట్టే పల్చటి రేకులు) ఏ బుష్ దగ్గర ఎన్ని ఉన్నాయో రాసి పెట్టుకోండి. ఫ్యాక్టరీలో లెక్క చూసి పెట్టినవి అవి. (టైరు ముక్కలు లెక్కలోకి రావు.) చివర్లో బోల్టులన్నీ చేత్తో పట్టించాకే ఏ ఒక్కదాన్నైనా బిగించాలి. లేకపోతే ఆఖరి బోల్ట్ బెజ్జంలో పడదు, చచ్చినా పడదు. బ్రాకెట్టే తుప్పు తినేసి ఉంటే మాత్రం ముందు వెల్డింగ్, తర్వాతే బుష్.

"పోయిన రెండే మార్చుకో, మిగతావి బానే ఉన్నాయిగా" అనే సలహా నాకు కనీసం నలుగురు ఇచ్చారు. రెండు కొత్తవి పూర్తి ఎత్తులో, మిగతావి నలిగిన ఎత్తులో ఉంటే బాడీని మనమే మెలితిప్పినట్టు కాదూ? మారిస్తే సెట్ మొత్తం మార్చాలి.

రబ్బరు బదులు పాలీయురేథేన్ అనే గట్టి ప్లాస్టిక్ బుష్‌లు వేయమనే భక్తుల గురించి కూడా ఒక మాట. అది ఆయిల్‌కి తట్టుకుంటుంది, త్వరగా నలగదు, ఒప్పుకుంటాను. కానీ రబ్బరు కంటే గట్టిది. రోడ్డు మీది ప్రతి గరుకూ సీట్లోకి వస్తుంది. అమెరికన్ స్పోర్ట్స్ కారు కార్వెట్‌కి 1973 మోడల్‌లో అంతకు ముందున్న లోహపు మౌంట్లు తీసేసి రబ్బరువి పెట్టారు, లోపల శబ్దం తగ్గడానికి. స్పోర్ట్స్ కారు చేసేవాళ్ళే రబ్బరు వైపు వస్తే, ఆదివారం పూట నలభైలో నడిపే మన ముసలి కార్లకి రేసు బుష్‌లు ఎందుకో! నేను రబ్బరే పెట్టాను.

ఇవన్నీ చదివి వెంటనే బుష్‌లు ఆర్డర్ చేసేయకండి, ముందు మీ కారుకి అవి ఉన్నాయో లేదో చూసుకోండి. చాసిస్ విడిగా లేకుండా బాడీయే చాసిస్‌గా ఉండే కార్లు 1922 నాటి లాన్సియా లాంబ్డా నుంచీ ఉన్నాయి. వాటిలో ఈ గొడవ లేదు. 1967 కమారో లాంటి వాటిలో ముందు సబ్‌ఫ్రేమ్‌కి, అంటే ఇంజిన్‌ని మోసే ముందు చట్రానికి మాత్రమే ఇలాంటి బుష్‌లు ఉంటాయి.

ఇంకో విషయం మర్చిపోయేవాణ్ణి. రబ్బరు కరెంటుని పోనివ్వదు. బాడీ నుంచి చాసిస్‌కీ, ఇంజిన్‌కీ వెళ్ళే ఎర్త్ పట్టీలు విప్పినవి విప్పినట్టు వదిలేస్తే హెడ్‌లైట్లు మినుకు మినుకుమంటాయి. స్టార్టర్ లాగే కరెంటు దారి లేక యాక్సిలరేటర్ కేబుల్ గుండా వెళ్ళి దాన్ని కాల్చేసే అవకాశం కూడా ఉంది. కొత్త బుష్‌లతో పాటు కొత్త పట్టీలు కూడా వేసేయండి.

అన్నీ బిగించాక ఎడమ డోర్ మామూలుగా, మెత్తగా పడింది. డ్రైవర్ డోర్ అసలు పడలేదు. ఎందుకంటే బాడీ తన పాత చోటికి వచ్చింది, మూడుసార్లు పైకి వంచిన హింజ్ మాత్రం అలాగే ఉంది. ఇప్పుడు డోర్ వెనక అంచు పైకి లేచి, లాక్ వెళ్ళి స్ట్రైకర్ (బాడీ వైపు లాక్ పట్టుకునే కొక్కెం) నెత్తి మీద కొట్టుకుంటోంది. కాబట్టి చెక్క ముక్క తెచ్చి, అదే హింజ్‌ని ఈసారి కిందికి వంచడానికి ఒక సాయంత్రమంతా పట్టింది. మూడుసార్లు డబ్బిచ్చి చేయించిన పనిని ఫ్రీగా తిరగదీశాను.

నిన్న అదే గుంత మీదుగా నడిపాను. ధడ్ లేదు. వెనక ఏదో చిన్నగా "టింగ్" అంటే గుండె ఆగినంత పనైంది. దిగి చూస్తే డిక్కీలో కట్టకుండా వదిలేసిన జాకీ హ్యాండిల్.