అట్ట పెట్టె కిలో 640 రూపాయలు

ఇప్పుడే ఇంటికొచ్చాను. ముందు ఇది రాసేసి అప్పుడు కాఫీ తాగుతాను, లేకపోతే నాకు ఈ రాత్రి నిద్ర పట్టదు.

పెద్దత్తయ్యని చూసి చాన్నాళ్ళయింది కదా, ఉత్త చేతుల్తో ఎలా వెళ్తామని ఒక బేకరీలో ఆగాను. స్వీట్లూ అక్కడే, కేకులూ అక్కడే. పేరు చెప్పను. చెప్తే ఆ ఓనరు ఎవరికో తోడల్లుడై ఉంటాడు, రేపు పొద్దున్నే నాకు ఫోనొస్తుంది. విజయనగరంలో ఎవరు ఎవరికి చుట్టం కాదు చెప్పండి?

అర కిలో పాలకోవా అడిగాను. కిలో 640. కుర్రాడు బంగారు రంగు పెట్టె ఒకటి తీశాడు, మూత మీద నెమలి. కాటా మీద పెట్టాడు. 84 చూపించింది. సున్నా చేస్తాడేమోనని చూశాను. చెయ్యలేదు. ఆ 84 మీదే కోవా బిళ్ళలు పేర్చుకుంటూ పోయాడు. చివరి బిళ్ళకి 512 అయింది. ఆ బిళ్ళని తీసి, విరిచి, ఒక ముక్క మళ్ళీ ట్రేలో పడేసి, కచ్చితంగా 500 చేశాడు. 12 గ్రాముల కోవా ఎక్కువ వెళ్ళిపోతుందని చెయ్యి వణికిందండీ ఆ అబ్బాయికి! 84 గ్రాముల అట్టకి మాత్రం వణకలేదు.

"బాబూ, పెట్టె బరువు తీసెయ్యవా?" అన్నాను.

"అందరికీ ఇలాగే ఇస్తాం సార్" అన్నాడు. అది సమాధానమనుకుంటున్నాడు, పాపం. నా దృష్టిలో అది నేరం ఒప్పుకోవడం.

కౌంటర్లో ఓనరు ఫోన్లోంచి తలెత్తకుండా "ఏటి సార్, యాభై గ్రాములకి ఇంత గొడవేటి?" అన్నాడు. చూశారా, మాటల్లోనే ఇంకో 34 గ్రాములు మింగేశాడు. వెనకాల ఉన్నావిడ "కొంచెం తొందరగా కానివ్వండి" అంది. ఆవిడకీ అదే పెట్టె, అదే నెమలి. ఆవిడకి ఏ బాధా లేదు. డబ్బులిచ్చి వచ్చేశాను. అవును, ఇచ్చేశాను. అత్తయ్య ఎనిమిదింటికే పడుకుంటుంది, అక్కడ నిలబడి ఉద్యమం చేసే టైం లేదు.

లెక్క చూడండి. 84 గ్రాముల అట్టకి 53 రూపాయల 76 పైసలు. అదే అట్టని పాత పేపర్ల వాడికి వేస్తే కిలో పది రూపాయలకి కూడా మూతి ముడుస్తాడు. పెట్టె బరువు కలిపి తూచకూడదు, కొన్నవాడికి సరుకు బరువే రావాలి. అందుకేగా తూనికలు కొలతల శాఖ అని ఒకటి పెట్టారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా ఉంది. చేశావా అని కామెంట్లో అడగొద్దు. రేపు చేస్తాను.

ఇంకోటి. విడిగా అమ్మే స్వీట్ల ట్రే దగ్గర ఎప్పటిలోగా తినాలో తేదీ రాసిపెట్టాలని 2020 అక్టోబరు 1 నుంచి రూలుంది. మన షాపుల్లో ట్రే మీద ఏముంటుంది? రేటు, 'స్వచ్ఛమైన నేతితో' అన్న ముక్క, ఒక ఈగ. తేదీ అడిగితే "ఈరోజుదే సార్, ఫ్రెష్" అంటారు. పదేళ్ళ నుంచి వెళ్తున్నాను, ఆ షాపులో నిన్నటి స్వీటన్నది నేను చూడలేదు. రాత్రి మిగిలినవన్నీ పెద్దచెరువులో చేపలకి వేసేస్తున్నారు కాబోలు.

2025 సెప్టెంబరు 22 నుంచి కేకులు, పేస్ట్రీల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. మా ఇంట్లో పిల్లలు ఎంత సంబరపడ్డారో. ఆ షాపులో పేస్ట్రీ ముక్క అంతకు ముందూ 60, ఇప్పుడూ 60. అదే పంచదార కిలోకి రూపాయి పెరగనివ్వండి, మర్నాటికి పాత రేటు మీద కొత్త స్టిక్కరు అంటించి ఉంటుంది. ఎగ్ పఫ్ సంగతి సరేసరి. ఒకప్పుడు సగం గుడ్డుండేది. ఇప్పుడు పావు ముక్క, అదీ ఒక మూలకి నక్కి ఉంటుంది. వేడిగా ఇమ్మంటే ఓవెన్లో పెట్టి తడిసిన దినపత్రికలా చేసి ఇస్తారు.

హోటళ్ళు తక్కువ తిన్నాయా? నీళ్ళ సీసా మీద 20 అని అచ్చేసి ఉంటుంది, బిల్లులో 40. అడిగితే 2017లో సుప్రీంకోర్టే ఒప్పుకుందంటారు. నిజమే, హోటల్లో కూర్చోబెట్టి వడ్డిస్తారు కాబట్టి ఎమ్మార్పీ వర్తించదని ఆ తీర్పు. చట్టం వాళ్ళకి పనికొచ్చినప్పుడు తీర్పు పేరూ, ఏడాదీ నోటికొస్తాయి. సరే, కూర్చున్నందుకు ఇచ్చుకుంటాం. మరి కూర్చోకుండా పార్సిల్ పట్టుకెళ్తే పది రూపాయలు పార్సిల్ ఛార్జీ ఎందుకు? కూర్చున్నా తప్పే, నిలబడ్డా తప్పే.

పోనీ ఆ పార్సిల్ ఎలా ఇస్తారు? పొగలు కక్కే సాంబారు పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోసి రబ్బరు బ్యాండేస్తారు. పక్కన పార్వతీపురం ఏజెన్సీ ఉంది. అడవిలోంచి అడ్డాకులు తెచ్చి, పుల్లలతో విస్తళ్ళు కుట్టి సంతలో అమ్ముతారు. మా చిన్నప్పుడు పెళ్ళి భోజనమంటే అడ్డాకు వాసనే. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, స్పూన్లు దేశమంతా నిషేధమన్నారు. అప్పుడైనా ఆ విస్తళ్ళకి మంచిరోజులొస్తాయనుకున్నాను. రాలేదు. వెండిరంగు పూత వేసిన పేపరు ప్లేటొచ్చింది.

ఇదంతా తల్చుకుంటే నాకు మా బావగారు గుర్తొస్తారు. అసలు మంట అక్కడుంది. విశాఖలో ఉంటారు. సిరిమాను పండగకి మా ఇంటికొచ్చి, అక్క వండిన పులిహోర రెండుసార్లు వేయించుకుని తిని, చెయ్యి కడుక్కుంటూ "ఏరా, మీ విజయనగరంలో బయట తినడానికేముందిరా?" అంటారు. ప్రతి ఏడూ ఇదే మాట. ఒక ఏడాది రోషమొచ్చి ఒక ఫ్యామిలీ రెస్టారెంటుకి తీసుకెళ్ళాను. బావగారు కావాలనే సర్వరుని అడిగారు, "ఈ ఊరి స్పెషల్ ఏంటి బాబూ?" అని. వాడు గుక్క తిప్పుకోకుండా "అరేబియన్ మండి సార్" అన్నాడు.

ఆ నవ్వు మీరు వినాలి.

తప్పు సర్వరుది కాదు. ఊళ్ళో బోర్డులు చదవండి. కాకినాడ కాజా, ఆత్రేయపురం పూతరేకులు, బందరు లడ్డు, మాడుగుల హల్వా, హైదరాబాద్ దమ్ బిర్యానీ. అన్ని ఊళ్ళూ ఉన్నాయి, మనమే లేము. 1713లో కోట కట్టుకున్న ఊరు, 1919లో సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసు గారిని ప్రిన్సిపాల్‌గా కూర్చోబెట్టిన ఊరు. మహారాజులు వీణకీ గాత్రానికీ పెట్టిన ఖర్చులో కాస్త వంటింటి మీద కూడా పెట్టి ఉంటే నాకు ఈరోజు బావగారి ముందు మాట పడేది కాదు.

మనకి లేవనా? ఆవ పెట్టిన కంద బచ్చలి, బెల్లం వేసిన గుమ్మడికాయ పులుసు, చోడి అంబలి (చోళ్ళంటే రాగులే). ఏ హోటల్ మెనూలో ఉన్నాయి? చోళ్ళు తింటే పల్లెటూరోళ్ళమని సిగ్గు. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరం అన్నాక ఒక జ్యూస్ షాపువాడు అదే అంబలిని గాజు గ్లాసులో పోసి, రెండు బాదం పలుకులు చల్లి, 'రాగి మాల్ట్' అని 70 రూపాయలకి అమ్ముతున్నాడు. మా నాయనమ్మ ఉంటే ఆ గ్లాసు వాడి నెత్తిన బోర్లించేది.

మా వీధి చివర టిఫిన్ బండి ఆవిడ ఒక్కర్తే నాకు నచ్చుతుంది. దిబ్బరొట్టె ఒక్కోసారి అడుగు మాడుతుంది, చిల్లర ఎప్పుడూ ఉండదు, ఫోన్ పే స్కానరు మీద నూనె. అయినా తినేవాడి ప్లేటు వంక చూసి "ఇంకాస్త అల్లం పచ్చడి ఎయ్యమంటావా బాబూ?" అని తనే అడుగుతుంది. ఆవిడ దగ్గర కాటా లేదు.

ఇంతకీ అత్తయ్య పెట్టె తెరిచి, ఒక బిళ్ళ నోట్లో వేసుకుని, "పెట్టె బాగుందిరా, దారపు ఉండలు పెట్టుకుంటాను" అంది. కోవా గురించి ఒక్క మాట లేదు.

ఇది రాస్తుంటే మా ఆవిడ వెనక నుంచి చదివింది. "ఆదివారం పాప పుట్టినరోజు కేకు ఆ షాపులోనే కదా చెప్పాం, అడ్వాన్సు 300 ఇచ్చాం కదా" అంటోంది. కిలో కేకుట. కేకుని కాటా మీద పెట్టి ఇచ్చిన బేకరీవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. ఈసారి పెట్టమంటాను, కింద అట్ట తీసేసి. మా ఆవిడ అయితే నన్ను పంపదట, తమ్ముణ్ణి పంపుతుందట.