మహారాజశ్రీ ఉచిత చార్ట్ టూల్ గారికి

మహారాజశ్రీ ఆన్‌లైన్ ఉచిత చార్ట్ టూల్ గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ అంకెలు అంతంతమాత్రంగానే ఉన్నా, మీ దయవల్ల గ్రాఫులు మాత్రం పైపైకే పోతున్నాయి.

ఆఫీసుల్లో మీ మహిమ చూస్తూనే ఉన్నాం. పోయిన నెల 96, ఈ నెల 98. మామూలుగా చెబితే ఎవరూ తలెత్తి చూడరు. అదే మీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, నిలువు యాక్సిస్‌ను సున్నాకు బదులు 95 దగ్గర మొదలుపెడితే చాలు, రెండో బార్ మొదటిదానికి మూడింతలై కూర్చుంటుంది. పెరిగింది 2 శాతం చిల్లర, మీటింగులో చప్పట్లు మాత్రం మూడింతలకే. కింద ఏ అంకె ఉందో వంగి చూసే తీరిక ఎవరికుంది?

అయినా చాలీచాలని లెక్కలతో బొమ్మ గీయడం మీ వంశంలోనే ఉంది లెండి. 1786లో విలియం ప్లేఫెయిర్ అనే ఆయన దేశాల వ్యాపారాన్ని గీతల్లో చూపిస్తూ పుస్తకం వేశాడు. స్కాట్లాండ్ దగ్గరకొచ్చేసరికి ఏళ్ల తరబడి లెక్కలు దొరకలేదు, ఒక్క ఏడాదివే ఉన్నాయి. గీత సాగదు కాబట్టి దేశానికింత అని బార్లు పేర్చాడు. గుండ్రటి రొట్టెను ముక్కలు కోసినట్టుండే 'పై' (pie) చార్ట్ కూడా ఆయన చలవే, 1801లో. కోణాల కంటే ఒకే స్కేలు మీద పక్కపక్కనున్న పొడవుల్నే మన కళ్లు సరిగ్గా పోల్చగలవని 1984లో క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే ఇద్దరు పరీక్షలు పెట్టి మరీ తేల్చారు. మీరేమో ఆ పై చార్ట్‌నే త్రీడీలో పడుకోబెట్టి, ముందున్న ముక్క ఇంకాస్త లావుగా కనపడే ఏర్పాటు చేశారు. ఏమి సేవ!

ఇంతటి మీకు మా ఇంట్లో మాత్రం పప్పులుడకలేదు.

గిన్నెలు ఎవరెంత తోముతున్నారో తేల్చడానికి మా అబ్బాయి మీ శరణు వేడాడు. ఎవరి వాటా వాళ్లే చెప్పాలన్నాడు. వాడు 40 శాతమన్నాడు, అమ్మాయి 35, మా ఆయన 30, నేను 25. మొత్తం 130. మనిషైతే ఇక్కడ ఆగి, ఇదేమిటని అడుగుతాడు. మీరు కిమ్మనకుండా 130ని నూటికి సర్ది, నాలుగు ముక్కలు కోసి చేతిలో పెట్టారు: 31, 27, 23, 19. నాది బూడిద రంగు ముక్క. అంకె లోపల పట్టలేదని సన్నగీత లాగి బయట రాశారు. చార్ట్ ఫ్రిజ్ తలుపుకెక్కిన పూటే నలుగురికీ ఒకేసారి కోపం వచ్చింది. ఎవరి వాటా వాళ్లకు తగ్గిందిగా మరి! (ఇది మా ఒక్క ఇంటి జబ్బు కాదు. 1979లో రాస్, సికోలీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు భార్యాభర్తల్ని ఎవరి వాటా ఎంతని విడివిడిగా అడిగితే, ఇద్దరి వాటాలూ కలిపితే చాలా పనుల్లో నూరు దాటాయట.)

ఆఫీసులో 98 ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు కాబట్టి మీ మాట చెల్లింది. నిన్న రాత్రి గిన్నెలు ఎవరు తోమారో మాత్రం ఇంట్లో అందరికీ తెలుసు. మీ రంగులు, నీడలు ఇక్కడ ఎవరి నోరూ మూయించలేకపోయాయి.

ఆ తర్వాత పిల్లలు మిమ్మల్ని వదల్లేదు. పొద్దున్నే బాత్‌రూమ్ వంతులకు, ఎవరిది ఎప్పటి నుంచి ఎప్పటిదాకానో అడ్డపట్టీల్లో చూపే గాంట్ చార్ట్ వేశారు. ఏడుంబావుకి మూడు పట్టీలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి, ఒకరు అరగంట ముందు లేవాల్సిందేనని చూడగానే తేలిపోయింది. నిజం చెప్పొద్దూ, అది పనికొచ్చింది. 'ఛార్జర్ తీసుకున్నవాళ్లు', 'నేను తీయలేదు అన్నవాళ్లు' అని రెండు వృత్తాలతో, రెండిట్లోనూ ఉన్నవాళ్లు వృత్తాలు కలిసేచోట పడే వెన్ డయాగ్రమ్ కూడా గీశారు. ఒక్కటే వృత్తం కనిపించింది.

ఇక మనవి. పై చార్ట్‌లో శాతాలు నూరు దాటితే నోరు తెరిచి చెప్పండి. బార్లు సున్నా దగ్గర మొదలవకపోతే ఆ సంగతి టైటిల్ అంత పెద్ద అక్షరాల్లో రాయండి. మీ తోబుట్టువుల్లో కొందరు ఉచిత ఖాతాలో గీసినవన్నీ లోకానికంతా కనపడేలా పెడతారు. మా గిన్నెల గొడవ అక్కడికెక్కితే వెంటనే దించండి. వాటర్‌మార్క్ తీయడానికి అడిగే డబ్బు సంగతి మా ఆయనతో మాట్లాడుకోండి, ఆయన 23 శాతం.

ఇట్లు,
తమ విధేయురాలు,
బూడిద రంగు ముక్క