బానెట్ మీది 35 గారికి

హార్స్‌పవర్ గారికి,

నమస్కారం. మీరు మా ట్రాక్టర్ బానెట్ కుడివైపున అరచేతంత ఎర్ర స్టిక్కరుగా, 35 రూపంలో కొలువై ఉన్నారు. ఒక మూల కాస్త లేచింది తప్ప క్షేమమే అనుకుంటాను. నేను మాత్రం నడుం కింద వేడినీళ్ల సంచి పెట్టుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను. మధ్యాహ్నం ఏం జరిగిందో మీకు విడిగా చెప్పక్కర్లేదు. బండి ముందు భాగంలో, అందరికన్నా మంచి సీట్లో ఉండి చూసింది మీరే.

నాలుగు గుర్రాలు, ఒక సాల, కాస్త పచ్చిక, ఇసక పోసిన స్వారీ మైదానం. ఇంతే మా సంసారం. దీనికో ట్రాక్టర్ కొంటానంటే కనిపించిన ప్రతివాడూ ఒక్కటే అడిగాడు: "ఎన్ని హెచ్‌పీ?" బండి బరువెంత అని అడిగిన మనిషి లేడు. బండి ముందు బరువులెత్తే చేతులుంటాయే, ఆ లోడర్ ఎంత ఎత్తుతుందని అడిగిన మనిషి లేడు. సాల గుమ్మం ఎత్తెంత అని మా ఆవిడ ఒక్కతే అడిగింది, బయల్దేరేటప్పుడు చేతిలో టేపు కూడా పెట్టింది. ఆ టేపు జేబులోంచి తీయకుండానే ఇంటికొచ్చాను. షోరూంలో మీరు అంతలా మెరిసిపోతున్నారు మరి. 25 పక్కన 35 నిలబడితే ఏది పెద్దదో చెప్పడానికి టేపెందుకు?

ఇవాళ గడ్డి చుట్టలు వచ్చాయి. ఒక్కోటి 400 కిలోలు. తెచ్చినవాడు గేటు లోపల దొర్లించి, చేతులు దులుపుకుని పోయాడు. నేను లోడర్ నుంచి బకెట్ తీసేసి, చుట్టని గుచ్చి ఎత్తే పొడవాటి ఇనప ముల్లు తగిలించాను. బ్రోషర్లో లోడర్ ఎత్తే బరువు 550 కిలోలని రాసుంది. 550లోంచి 400 తీస్తే ఇంకా 150 మిగులు. ఆ మిగులు చూసుకుని ఈల కూడా వేశానేమో, గుర్తులేదు.

ముల్లు గుచ్చాను. లివర్ లాగాను. చుట్ట మోకాలెత్తు లేచింది. బండి కొంచెం కదిలించేసరికి సీటు కింద ఏదో తేలికైనట్టు అనిపించింది. వెనక్కి తిరిగి చూస్తే ఎడమ చక్రం నేల మీద లేదు. జానెడు పైన, గాల్లో, ఏ తొందరా లేకుండా తనమానాన తను తిరుగుతోంది. మా బండికి బ్రేకులుండేది వెనక చక్రాలకి. ఆ వెనక చక్రాలే నేలని వదిలేస్తే, పైన కూర్చున్నవాడి పై ప్రాణాలు పైనే పోతాయి. ఊపిరి బిగబట్టి చుట్టని అంగుళం అంగుళం కిందికి దించాను. కంచె అవతల నాలుగు గుర్రాలూ వరసగా నిలబడి చూస్తున్నాయి. ముసలి ఆడగుర్రం ఒకసారి ముక్కుతో బుర్రుమంది. అది ఈగల కోసమేనని ఇప్పటికీ సర్దిచెప్పుకుంటున్నాను.

బుద్ధి రాలేదు. చదునైన చోటు చూసుకుని, సిమెంటు బస్తాలు రెండు వెనక కట్టి, మళ్లీ ఎత్తాను. చక్రాలు ఈసారి నేల మీదే ఉన్నాయి. కానీ చుట్ట నా నడుమెత్తుకి వచ్చి ఆగిపోయింది. మేత పెట్టే ఇనప కంచె దాటాలంటే ఇంకో రెండడుగులు కావాలి. హైడ్రాలిక్ 'కీ...' మని ఏడ్చింది తప్ప అంగుళం కదల్లేదు. ఇంజిన్ మాత్రం హాయిగా ఉంది. దానికేం, మీరంతా అక్కడే ఉన్నారు కదా, 35 మంది, ఒక్కరికీ పని లేకుండా.

తర్వాత తీరిగ్గా పుస్తకం తీశాను. (కొనేముందు తీయాల్సిన పుస్తకం. ఆ మాట మా ఆవిడ అనేసింది, మీరు అనక్కర్లేదు.) 550 అన్నది లోడర్ చేతుల చివర, బకెట్ తగిలించే పిన్ను దగ్గర కొలిచిన లెక్కట. నా గడ్డి చుట్ట బరువేమో పిన్ను దగ్గర ఉండదు. అది చుట్ట నడిమధ్యలో, పిన్నుకి మూరన్నర ముందు ఉంటుంది. కాడ పొడవయ్యే కొద్దీ అదే బరువు ఎక్కువ లాగుతుందని కావడి మోసినవాడికి కూడా తెలుసు. పైగా ఆ ముల్లూ, దాని చట్రమూ లోడర్ తన బలంలోంచే మోయాలి. అన్నీ పోను నా చుట్టకి మిగిలింది చాల్లేదు. పిన్నుకి 500 మిల్లీమీటర్ల ముందు ఎంత ఎత్తుతుందో కూడా కొలుస్తారట. ఆ అంకె చిన్నది, కాబట్టి చిన్న అక్షరాల్లో ఉంది. వెనక కౌంటర్ వెయిట్ (ముందు బరువుకి సరితూగే బరువు) లేకుండా లోడర్ వాడొద్దన్న మాట ఇంకా చిన్న అక్షరాల్లో. కీలెరిగి వాత పెట్టమన్నారు పెద్దలు. మీవాళ్లు కీలు దగ్గర కొలిచి మరీ నాకు వాత పెట్టారు.

"నేను ఇంజిన్ అంకెని, లోడర్‌తో నాకేం సంబంధం" అంటారేమో. అదే కదా నా బాధ. సంబంధం లేనప్పుడు బానెట్ మీద ఎందుకు కూర్చున్నట్టు?

మీ జాతకం కూడా చూశాను. 18వ శతాబ్దం చివర్లో జేమ్స్ వాట్ గారికి ఆవిరి యంత్రాలు అమ్ముడుపోవాలి. కొనాల్సినవాళ్లు గుర్రాలతో మిల్లులు తిప్పుకునేవాళ్లు. వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలి కాబట్టి, ఒక గుర్రం పని అంటే 33,000 పౌండ్ల బరువుని నిమిషంలో ఒక అడుగు ఎత్తడం అని తేల్చేశాడాయన. ఇప్పటి కొలతలో 746 వాట్లు. అంటే మీరు పుట్టిందే షోరూంలో. ఆ లెక్కన 35 అంటే నిమిషంలో 500 టన్నుల పైచిలుకు అడుగెత్తు లేపాలి. నేనడిగింది 400 కిలోలు, మహాప్రభో. నాలుగైదు అడుగులు.

అసలు గుర్రం సంగతి చెప్పనా? నిజమైన గుర్రం ఉన్న బలమంతా పెట్టి లాగితే కొన్ని క్షణాలపాటు 15 హార్స్‌పవర్ దాకా ఇవ్వగలదు. కంచె దగ్గర నిలబడి నన్ను చూసిన నాలుగూ కలిపితే 60. వాటి ముందు 35 అని స్టిక్కర్ వేసుకుని నిలబడ్డానికి మీకు సిగ్గు లేకపోయినా, పక్కన నిలబడ్డానికి నాకుండాలి.

ఇక మీవల్ల జరిగిన చిల్లర నష్టాలు. హైడ్రోస్టాటిక్ బండి తీసుకుంటే పెడల్ నొక్కి ముందుకీ వెనక్కీ పోవచ్చన్నాడు అమ్మేవాడు, కాకపోతే పవర్ కొంచెం పోతుందని నసిగాడు. మీలో ఒక్కరు తగ్గినా ఒప్పుకోనని గేర్ల బండే తెచ్చాను. నాలుగు గుర్రాల లద్దె రోజుకి 80 కిలోలు, ఏడాదికి 30 టన్నుల దాకా. ఆ లద్దె ఎత్తి దిబ్బకి చేర్చడమంటే క్లచ్ తొక్కు, ముందుకి, క్లచ్ తొక్కు, వెనక్కి. ఎడమ మోకాలు ఇప్పుడు వాతావరణం కూడా చెబుతోంది. పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటారు. మన దగ్గర పేరు మీది, దిబ్బ నాది.

బండి బోల్తాపడితే ప్రాణం కాపాడే ఇనప కమ్మీ సాల గుమ్మానికి తగులుతుంది. మడిచి లోపలికి, బయటికొచ్చి మళ్లీ నిటారుగా, రోజుకి ఎన్నిసార్లో. బద్ధకించి మడిచే ఉంచేస్తే అది ఉన్నట్టా లేనట్టా? టైర్ల పళ్లు దుక్కికి దివ్యంగా ఉంటాయి. వాన పడ్డాక పచ్చిక మీద తిప్పితే అదీ దుక్కే అవుతుంది.

న్యాయం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. మీ అవసరం నాకు నిజంగా పడేది ఒక్కచోట, కలుపు కోసే రోటరీ కట్టర్ దగ్గర. అడుగు వెడల్పుకి పీటీఓ (ఇంజిన్ బలాన్ని వెనక పనిముట్టుకి అందించే తిరిగే కడ్డీ) దగ్గర 5 హెచ్‌పీ చొప్పున నా అయిదడుగుల కట్టర్‌కి 25 చాలు. బానెట్ మీది 35, వెనక పీటీఓ దాకా నడిచొచ్చేసరికి 30 లోపే మిగులుతుంది. అయినా సరిపోయింది. కట్టర్ బంగారంలా తిరుగుతుంది, ఆ మాట కాదనను. మిగతా పనులన్నిటికీ నాకు కావలసింది బండి బరువు, లోడర్ బలం, గుమ్మం కొలత, కాలికింద ఒక పెడల్. ఇవేవీ స్టిక్కర్ మీద ఉండవు. ఇదే 35 పెట్టుకుని నీకంటే అరటన్ను బరువున్న బండి అదే షోరూంలో, నీ పక్కనే నిలబడి ఉంది. దానికీ నీకూ తేడా ఏమిటని నేను అడగలేదు, నువ్వు చెప్పలేదు. ఎందుకు చెబుతావు? చెబితే నీ పెద్దరికం ఏమవుతుంది? దేహం చూపకుండా, గిట్టలు చూపకుండా ఒక అంకె చెప్పి ఎవడైనా నాకు గుర్రాన్ని అమ్మబోతే తన్ని పంపేవాణ్ని. నీ దగ్గర మాత్రం నోరెళ్లబెట్టుకుని సంతకం పెట్టాను.

అవును, నువ్వు అనేశాను. ఆ చక్రం గాల్లో తిరగడం చూశాక గౌరవం అంతవరకే వచ్చింది.

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు కదా. చుట్టని ఎక్కడున్నది అక్కడే తాళ్లు కోసి, పొరలు పొరలుగా విప్పి, తోపుడు బండిలో వేసుకుని 14 సార్లు తిరిగాను. ఆ 14 సార్లూ నీ ముందునుంచే. ఆఖరి ట్రిప్పుకి వచ్చేసరికి ముసలి ఆడగుర్రం, నేను సరిగా వేయని గేటు తోసుకుని బయటికొచ్చి, నీ బానెట్‌కి తుంటి ఆనించి కళ్లు అరమూసుకుని రాసుకుంటోంది. కేకేసినా కదల్లేదు, దురద తీరేదాకా. అది పక్కకి జరిగాక చూస్తే లేచిన మూల నుంచి స్టిక్కర్ సగం ఊడి, 5 దాని తోకకి అంటుకుపోయింది.

ఇప్పుడు బానెట్ మీద 3 ఉంది. తోక మీది 5 ఇంకా పీకలేదు. పొద్దున్న మాలీషు చేసేటప్పుడు చూస్తాను, దాని మీదే ఉంచేయాలా అని.

ఇట్లు,
తోపుడు బండి యజమాని