ఆకు తిప్పి చూడని బేరం

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే, కొబ్బరిచెట్టు కింద కారు పెట్టొద్దన్నారు నాన్న. కాయ పడుతుందని కాదట. తెల్లారేసరికి అద్దమంతా జిగటైపోతుంది, నాలుగు రోజులుంచితే దాని మీద మసి. పెరట్లో అరటాకులైతే బొగ్గు పూసినట్టున్నాయి. కనుమ నాడు భోజనాలకి శుభ్రమైన ఆకు దొరక్క బజార్లో కొనుక్కొచ్చాం. కోనసీమలో ఉండి అరటాకు కొనడం!

ఇదంతా రూగోస్ తెల్లదోమ పని. ఆకు అడుగున సుడులు సుడులుగా గుడ్లు పెట్టి తెల్లటి మైనం పూస్తుంది. రసం పీల్చి తియ్యటి జిగురు వదులుతుంది, ఆ జిగురు మీద నల్ల బూజు పెరుగుతుంది. చెట్టు చావదు గానీ నీరసిస్తుంది. ఇది మన పురుగు కాదు. మధ్య అమెరికాలోని బెలీజ్‌లో దొరికిన పురుగుల్ని చూసి 2004లో దీనికి పేరు పెట్టారు. 2009లో ఫ్లోరిడాలో తేలింది, అక్కడా కార్ల మీద ఇదే జిగట. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి కొబ్బరితోటల్లో కనబడింది. మరి ఆంధ్రలో మొదట బయటపడిన చోట్లలో ఒకటేదో తెలుసా? కడియం నర్సరీలు.

"దోమ కదా, ఎగిరొచ్చింది" అంటారు మా ఊళ్లో. బియ్యపుగింజ అంత కూడా లేని పురుగు, కదిలిస్తే తప్ప ఎగరదు. అది పొల్లాచ్చి నుంచి గోదావరి దాకా రెక్కల మీద వచ్చిందంటే నేను నమ్మను. లోడు లారీలో, అలంకరణ మొక్కల ఆకుల కింద కూర్చుని దర్జాగా వచ్చి ఉంటుంది.

నర్సరీ రైతుల్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. వాళ్లూ ఎక్కడి నుంచో తెచ్చుకునే అమ్ముతారు. నా కోపం మధ్యలో ఎవరూ చూడకపోవడం మీద. విదేశాల నుంచి వచ్చే మొక్కకి 2003 నాటి క్వారంటైన్ ఉత్తర్వు ఉంది. రాష్ట్రాల మధ్య పురుగున్న మొక్కల్ని ఆపే అధికారం 1914 నాటి పురుగులు, తెగుళ్ల చట్టంలోనే ఉంది. కానీ మొక్కల లారీ ఆపి ఒక్క ఆకు తిప్పి చూసినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. బిల్లు చూస్తారు, బరువు చూస్తారు, అంతే.

తీరా తోటల్లో పడ్డాక మందుల టెన్షన్. నలభై అడుగుల చెట్టు మొవ్వు దాకా మందు కొట్టేదెవరు? కొట్టినా, ఈ దోమ పిల్లల్లో గుడ్లు పెట్టి చంపే ఎన్‌కార్సియా అనే నలకంత కందిరీగ కూడా చస్తుంది. అంబాజీపేట పరిశోధన స్థానం వాళ్లు మిత్రపురుగుల్ని పెంచి ఇస్తున్నారు, ఇసారియా అనే శిలీంధ్రం కొట్టమంటున్నారు. మా పక్క తోటాయన మాత్రం కొట్లో ఇచ్చిన డబ్బా తెచ్చి కొట్టాడు. నెలకి దోమ మళ్లీ వచ్చింది.

ఇంత మాట్లాడుతున్నాను గానీ, నా సంగతీ చెప్పాలి. 2017లో ఇంటి గృహప్రవేశానికి ఓ నర్సరీలో ఆరు అరికా పామ్‌లు, అలంకరణకి పెట్టుకునే తాటిజాతి మొక్కలు, కొన్నాను. ఆకుల అడుగున తెల్లగా ఏదో ఉంటే అడిగాను కూడా. "దుమ్మండీ, కడిగితే పోద్ది" అన్నాడు కుర్రాడు. బేరంలో యాభై తగ్గిస్తే చాలనుకుని ఆటోలో వేయించేశాను. అది దుమ్మో దోమో ఇప్పుడు తేల్చలేం. మా తోటలోకి వేరే దారినే వచ్చిందేమో కూడా.

వాటిలో రెండు ఇంకా గేటు పక్కన ఉన్నాయి. నాన్న రోజూ నీళ్లు పోస్తారు. ఆ దుమ్ము సంగతి ఆయనకి నేనింకా చెప్పలేదు.